ఎకిల్స్ కేకు: ఊరి పేరు, లోకపు రుచి

ఇంగ్లండు ఉత్తరభాగమున, మాంచెస్టరు నగరమునకు పడమరగా సుమారు నాలుగు మైళ్ళ దూరమున ఎకిల్స్ అను పట్టణము కలదు. పూర్వము అది లాంకషైరు మండలములోనిది. 1974 నుండి సాల్ఫర్డు నగరపాలనలో భాగమైనది. ఆ పట్టణమును కన్నులార చూచినవారు మనలో పెక్కుమంది ఉండరు. అయినను ఆంగ్లభాష మాట్లాడు దేశములలో దాని పేరు తరచుగా వినబడుచుండును. అందులకు కారణము ఏ రాజో, ఏ కవియో కాదు. అరచేతిలో ఇమిడిపోవు ఒక పిండివంట. దానినే ఎకిల్స్ కేకు అందురు.

కేకు అను మాట విని దూదివలె మెత్తగా పొంగిన పదార్థమును ఊహించుకొనరాదు. ఇది గుండ్రముగా, కొంచెము బల్లపరుపుగా, సుమారు మూడంగుళముల వెడల్పున ఉండును. పైన బంగారువన్నె గల పలుచని పొరలు. ఆ పొరలపై చక్కెర పలుకుల మెరుపు. నడుమ కత్తితో పెట్టిన మూడు గాట్లు. ఆ గాట్లలోనుండి లోపలి నల్లదనము కొంచెముగా తొంగిచూచుచుండును. కజ్జికాయ కడుపులో కొబ్బరియు బెల్లమును ఉన్నట్లు, దీని కడుపులో చక్కెర, వెన్న, జాజికాయ పొడి కలిపిన చిట్టి ఎండుద్రాక్ష దట్టముగా నిండియుండును. కజ్జికాయ నూనెలో వేగును. ఇది ఓవెనులో కాలును. అచ్చటి పిల్లలు ఆ నల్లని ద్రాక్షను చూచి ‘నలిగిన ఈగల కేకు’ అని వేళాకోళము చేయుదురు. వేళాకోళము చేసినంత మాత్రమున తినుట మానుకొనరు.

తినుబండారమును ఊరి పేరుతో పిలుచుట మనకును క్రొత్త కాదు. తాపేశ్వరము కాజా, బందరు లడ్డు, ఆత్రేయపురము పూతరేకులు అనినంతనే నోరూరును. అట్టి పేరు విన్నప్పుడు ఒక ప్రశ్న కూడ పుట్టవలెను. ఆ రుచి నిజముగా ఆ ఊరిదేనా? ఊరిదైనచో, దానిలో ఊరికి చెందినది ఏది? ఎకిల్స్ కేకు విషయమున ఈ ప్రశ్నకు దొరకు సమాధానము ఆలోచింపదగినది. పేరు ఊరిది, లోపలి సరకులో అధికభాగము సముద్రముల కావలినుండి వచ్చినది. ఈ సంగతి తెలిసికొని తినువానికి ఆ చిన్న కేకులో రుచియు హెచ్చును, గౌరవమును హెచ్చును.

మొదట ఊరి సంగతి చూతము. ఎకిల్స్ అను పేరునకు మూలము చర్చి అను అర్థము గల ప్రాచీన పదము. గ్రీకు, లాటిను భాషలలోని ‘ఎక్లేసియా’ అను మాట బ్రిటను ద్వీపపు పాతభాషలోనికి దిగి, చివరకు ఈ రూపము పొందినది. ఆ చర్చి చుట్టును ఊరు పెరిగెను. చర్చి పేర ఏటేట తిరునాళ్ళు జరిగెడివి. తిరునాళ్ళనగా భక్తి ఒక్కటే కాదు గదా! అంగళ్ళు, పానశాలలు, కోడిపందెములు, తోపులాటలు అన్నియు ఉండెడివి. రానురాను అల్లరి మితిమీరుటచే 1877లో ప్రభుత్వము ఆ తిరునాళ్ళను నిలిపివేసెను. తిరునాళ్ళు పోయినను, వానితోపాటు జనుల నోట నానిన తీపిరొట్టె పోలేదు.

ఈ కేకునకు పూర్వరూపమని పలువురు చెప్పునట్టి వంట ఒకటి 1769లో అచ్చులోనికి వచ్చెను. దానిని వ్రాసినది ఎలిజబెత్ రాఫల్డ్ అను సమర్థురాలు. ఈమె చెషైరు మండలములో ఆర్లీ హాల్ అను జమీందారీ భవనమున గృహనిర్వాహకురాలుగా పనిచేసి, పిమ్మట మాంచెస్టరులో అంగడి పెట్టినది. ఆమె వ్రాసిన ‘అనుభవజ్ఞురాలైన ఆంగ్ల గృహనిర్వాహకురాలు’ అను అర్థము గల పేరు పెట్టిన వంటల గ్రంథము పెక్కు ముద్రణలు పొందెను. అందులోని తీపి పూర్ణపు వంటలో ఎండుద్రాక్ష, జాజికాయ, నారింజ తొక్క, బ్రాందీలతోపాటు దూడకాళ్ళ మాంసము కూడ ఉన్నది. నేటి ఎకిల్స్ కేకులో ఆ మాంసము లేదు. అనగా కాలక్రమమున మాంసము తొలగి, పండు నిలిచినదన్నమాట.

ఎకిల్స్ కేకులను అంగడిలో పెట్టి అమ్మిన మొదటివాడుగా జేమ్స్ బర్చి అను వర్తకుని చెప్పుదురు. 1793లో ఆ పట్టణపు నడిబొడ్డున, చర్చికి సమీపమున, రెండు వీధులు కలియు మూలలో ఆయన అంగడి ఉండెడిది. వ్యాపారము సాగెను. కొంతకాలమునకు బర్చి ఎదుటి వైపున ఉన్న మరియొక భవనమునకు అంగడిని మార్చెను. అంతట ఆయన వద్ద పనిచేసిన విలియం బ్రాడ్‌బర్న్ అనునతడు పాత అంగడిలో ప్రవేశించి తానును అవే కేకులను అమ్మసాగెను. ఇక పోటీ మొదలైనది. ఒకడు తాను ఎదుటి వైపునుండి వచ్చిన అసలు వ్యాపారినని ప్రకటించెను. రెండవవాడు తన అంగడియే అసలైనదనియు, అది ఎన్నడును స్థలము మారలేదనియు చాటెను. ఒకనికి మనిషి ప్రమాణము, మరియొకనికి చోటు ప్రమాణము. అసలు ఎక్కడ ఉన్నది, చేయు చేతిలోనా, చేసిన చోటులోనా అను తగవు ఆనాడే ఆ వీధిలో పుట్టినది. అది నేటికిని తీరలేదు.

ఇటీవలి కాలమున ఇట్టి తగవులను తీర్చుటకు చట్టములు వచ్చినవి. ఒక ప్రాంతపు పేరుతో ప్రసిద్ధమైన వస్తువును ఆ ప్రాంతమువారే ఆ పేరుతో అమ్మవలెనని అవి శాసించును. లాంకషైరులోని బీకన్ ఫెల్ ప్రాంతపు చీజునకు 1996లో అట్టి రక్షణ లభించెను. కార్న్‌వాల్ ప్రాంతపు పేస్టీ అను మాంసపు కజ్జమునకు 2011లో లభించెను. మన ఆత్రేయపురము పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు దొరకెను. ఎకిల్స్ కేకునకు మాత్రము అట్టి కవచము లేదు. లండనులో చేసినను, సిడ్నీలో చేసినను దానిని ఎకిల్స్ కేకు అనియే అమ్మవచ్చును. కావున దాని పేరును కాపాడునది చట్టము కాదు. చేయువారి నిజాయితీయు, తినువారి నాలుకయు మాత్రమే. నాలుక న్యాయము చెప్పవలెనన్నచో దానికి కొంత శిక్షణ కావలెను.

ఆ శిక్షణలో మొదటి పాఠము దాయాదులను గుర్తుపట్టుట. ఎకిల్స్ పట్టణమునకు వాయవ్యముగా, అదే లాంకషైరులో చోర్లీ అను ఊరు కలదు. చోర్లీ కేకులోను ఇదే ద్రాక్ష ఉండును. కాని దాని పైపిండి పొరలు పొరలుగా విచ్చుకొనదు. బిస్కెత్తువలె గుల్లగా ఉండును. తీపి తక్కువ, పైన చక్కెర ఉండదు. దానిపై కొంచెము వెన్న రాచి తినుట అచ్చటి వాడుక. దక్షిణమున ఆక్స్‌ఫర్డు మండలములో బాన్‌బరీ అను పట్టణమున్నది. అచ్చటి కేకు గుండ్రముగాక కోలగా ఉండును. లోపల నారింజ తొక్కయు, కొన్నిచోట్ల రమ్ము అను మద్యమును చేరును. వయస్సున బాన్‌బరీ కేకే పెద్దది. 1615లో జర్వేజ్ మార్కమ్ ప్రచురించిన గృహిణుల గ్రంథమునందే దానిని చేయు విధము కలదు. కోలగా ఉన్నది బాన్‌బరీ, గుల్లగా ఉన్నది చోర్లీ, గుండ్రముగా పొరలు రాలునది ఎకిల్స్ అని జ్ఞాపకముంచుకొనిన చాలును.

ఇక కడుపులోని సరకును పరీక్షింతము. అందు ముఖ్యమైనది కరెంటు అను ఎండుద్రాక్ష. తెలుగువారికి కరెంటు అనగానే దీపము, పంకా, విద్యుచ్ఛక్తి శాఖవారి బిల్లు గుర్తుకు వచ్చును! ఈ కరెంటు వేరు. గ్రీసు దేశములోని కోరింత్ నగరపు పేరు మీద దీనిని పూర్వము ‘కోరింత్ ద్రాక్ష’ అనెడివారు. ఆ కోరింతే నోళ్ళలో నలిగి కరెంటు అయినది. ఐరోపా తోటలలో పొదలకు కాయు ఎర్రని, నల్లని కరెంటు పండ్లు వేరు జాతివి. పోలికను బట్టి వానికి ఆ పేరు తరువాత అంటినది. మన ద్రాక్ష మాత్రము గింజలేని, మిరియపుగింజను మించని చిట్టి నల్లద్రాక్షనుండి ఎండినది. మామూలు కిస్‌మిస్‌కంటె ఇది చిన్నది, ముదురు రంగుది, తీపితోపాటు పులుపు గలది. ఆ పులుపే ఈ కేకునకు ప్రాణము.

ఈ ద్రాక్ష గ్రీసు దేశపు దక్షిణద్వీపకల్పమైన పెలొపొనీసస్ తీరమునను, జాంటె, కెఫలోనియా ద్వీపములలోను పండును. వేసవి చివర గుత్తులను కోసి ఎండలో పరచుదురు. ఆ దినములలో ఒక్క వాన కురిసినను రైతు యేటి కష్టము నేలపాలగును. పదునారవ శతాబ్దమునుండియే ఆంగ్ల వర్తకులు ఓడలలో దీనిని తమ దేశమునకు కొనిపోయిరి. పుడ్డింగులలో, రొట్టెలలో, పండుగ వంటలలో దానిని అమితముగా వాడిరి. గ్రీకు రైతు ఎండబెట్టినదానిని ఆంగ్ల గృహిణి వండెను.

ఇట్టి వ్యాపారము రైతునకు ఎంత ఆశ చూపునో అంత అపాయమును తెచ్చును. పందొమ్మిదవ శతాబ్దపు ద్వితీయార్ధమున ఫ్రాన్సు దేశపు ద్రాక్షతోటలను ఫిలాక్సెరా అను పురుగు నాశనము చేసెను. అప్పుడు ఫ్రెంచివారు సారాయి చేయుటకు గ్రీసునుండి ఎండుద్రాక్షను విరివిగా కొనిరి. గ్రీకు రైతులు ఇతర పైరులను, కొన్నిచోట్ల ఆలివు తోటలను సైతము తీసివేసి ఈ తీగెనే నాటిరి. ఫ్రాన్సు తోటలు మరల కోలుకొనగానే 1892లో ఆ దేశము దిగుమతిసుంకము పెంచెను. 1893లో ధరలు కూలిపోయెను. అదే సంవత్సరము డిసెంబరులో గ్రీసు ప్రభుత్వము అప్పులు తీర్చజాలక చేతులెత్తెను. వేలకొలది గ్రామీణులు బ్రతుకుతెరువునకై అమెరికాకు ఓడలెక్కిరి. ఒక్క పంటను, పరదేశపు ఒక్క అంగడిని నమ్ముకొనిన రైతు గతి ఎట్లుండునో మన పొగాకు, మిరప రైతులకు వేరుగ చెప్పనక్కరలేదు.

రెండవ సరకు చక్కెర. బర్చి అంగడి తెరచిన నాటికి ఇంగ్లండు వాడుకొను చక్కెరలో అధికభాగము వెస్టిండీసు ద్వీపములనుండి వచ్చెడిది. అచ్చటి చెరకుతోటలలో పనిచేసినవారు ఆఫ్రికానుండి బలవంతముగా తీసికొనిపోబడిన బానిసలు. ఆ కాలమున ఈ అన్యాయమునకు ఎదురుతిరిగినవారు ఇంగ్లండులోనే పుట్టిరి. 1791లో వెలువడిన ఒక కరపత్రము బానిసల చెమటతో తడిసిన చక్కెరను మానుడని ప్రజలను కోరెను. సుమారు మూడులక్షలమంది చక్కెరను విడిచిరని, ఆ ఉద్యమనాయకులలో ఒకడైన థామస్ క్లార్క్‌సన్ అంచనా వేసెను. అందు స్త్రీల పాత్ర మిక్కిలి గొప్పది. సంతకు పోయి సరకు కొనుట వారి చేతిలోని పని గదా. పిమ్మట కొన్ని సంవత్సరములకు, ‘ఈస్టిండియా చక్కెర, బానిసలు చేసినది కాదు’ అని వ్రాసిన పింగాణి గిన్నెలు కూడ ఇండ్లలో వెలసినవి. ఈ విధముగా మన దేశపు చక్కెర పేరు ఆంగ్లేయుల తేనీటి బల్లపైకి ధర్మప్రశ్నగా చేరినది. బ్రిటనులో బానిసల వ్యాపారము 1807లో నిషేధింపబడెను. సామ్రాజ్యమున బానిసత్వమును తొలగించు చట్టము 1833లో వచ్చెను. ఎకిల్స్ పట్టణమున కేకుల అంగడి వెలసిన 1793వ సంవత్సరము ఈ కలకలము నడుమనే ఉన్నదని మనము గుర్తింపవలెను.

మూడవది జాజికాయ. అది పూర్వము తూర్పుసముద్రములోని బాందా దీవులలో తప్ప వేరొకచోట పండెడిది కాదు. ఆ చిటికెడు పొడికై 1621లో డచ్చివారు ఆ దీవులను జయించి అచ్చటి ప్రజలను దాదాపు నిర్మూలించిరి. ఇక ఎకిల్స్ చుట్టుప్రక్కల దొరకునవి ఏవి? గోధుమపిండి, వెన్న. మొత్తము కేకులో స్థానికమైనది ఈ పైపొర మాత్రమే. లోపలిదంతయు లోకము. దానిని ఒక పొరలో చుట్టి తన పేరు పెట్టుకొనుటయే ఆ ఊరి పనితనము.

ఆ పైపొరను గూర్చి కూడ రెండు మాటలు చెప్పవలెను. చల్లని పిండిముద్దను పరచి, దానిపై చల్లని వెన్న పెట్టి, మడిచి వత్తి, మరల మడిచి వత్తుదురు. ఇట్లు పలుమారులు చేయగా పిండి, వెన్న ఒకదానిపై ఒకటిగా వందలకొలది పొరలగును. ఓవెను వేడికి పిండిలోని తేమ ఆవిరియై పైకి లేవబోవును. నడుమనున్న వెన్న పొరలను అంటుకొననీయదు. అందుచేత పొరలు విడివడి పొంగును. మన మడత కాజాలోను పొరలున్నవి. కాని అది నూనెలో వేగి పాకము పీల్చును. ఇది పొడిగా కాలి, నోట పెట్టగానే పొట్లిపోవును.

ఓవెను గల ఇండ్లు నేడు మన పట్టణములలోను ఉన్నవి. చేసి చూడదలచినవారికి ఒక కొలత చెప్పెదను. ఇది పది పన్నెండు కేకులకు సరిపోవును. పొరల పిండి 500 గ్రాములు. ఇది నేడు అంగళ్ళలో సిద్ధముగా దొరకును. కరెంటు ద్రాక్ష 200 గ్రాములు. అది దొరకనిచో నల్ల కిస్‌మిస్‌ను సన్నగా తరిగి, కొంచెము నిమ్మరసము చేర్చవచ్చును. ముదురురంగు చక్కెర 100 గ్రాములు, వెన్న 50 గ్రాములు, జాజికాయ పొడి అరచెంచా, ఒక నారింజపండు పైతొక్క తురుము. వెన్నను, చక్కెరను సన్నని సెగపై కరగించి తక్కినవి కలిపి పూర్తిగా చల్లార్చవలెను. వేడి పూర్ణము పెట్టినచో పిండిలోని వెన్న కరగి పొరలు చెడును. పిండిని పలుచగా వత్తి, నాలుగంగుళముల వెడల్పు గల బిళ్ళలుగా కోసి, ఒక్కొక్కదాని నడుమ నిండు చెంచాడు పూర్ణము పెట్టి, అంచులను పైకి తెచ్చి మూతిగట్టి, బోర్లించి, లోపలి ద్రాక్ష నీడవలె కనబడువరకు అప్పడాల కర్రతో మెల్లగా అదుమవలెను. పైన మూడు గాట్లు పెట్టి, పాలు పూసి, చక్కెర చల్లి, 200 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో పదునైదునుండి ఇరువది నిమిషములు కాల్చవలెను. గాట్లు అలంకారము కొరకు కాదు. లోపలి ఆవిరికి దారి. దారి లేనిచో కేకు ప్రక్కన పగిలి పాకము కారును.

ఓవెనునుండి తీసినంతనే కొరుకరాదు. లోపలి చక్కెర పాకము మరుగుచుండును, నాలుక కాలును. గోరువెచ్చగా అయినప్పుడే రుచి. చల్లారినదానిని మరల వేడి చేయవలెనన్నచో ఓవెనులోనే కొలదిసేపు ఉంచవలెను. మైక్రోవేవు పొయ్యిలో పెట్టరాదు. పైన చల్లిన చక్కెర అందులో అతివేగముగా వేడెక్కి నిప్పు పట్టవచ్చును. 2013లో లాంకషైరు అగ్నిమాపక శాఖవారు ఈ విషయమై ప్రజలను హెచ్చరించిరి. తీపిరొట్టె వలన అగ్నిమాపకయంత్రమును పిలువవలసి వచ్చుట ఎవరికిని శోభ కాదు.

లాంకషైరు వారు ఈ కేకును తమ మండలపు చీజుతో కలిపి తిందురు. తీపితో ఉప్పటి చీజా అని మొదట మనకు తోచును. కాని పులిహోర ప్రక్కన చక్కెరపొంగలి పెట్టుకొని తినువారికి ఈ సంగతి అర్థము కాకపోదు. ఆ చీజు తెల్లగా, పొడిపొడిగా విరుగును; అందు చిన్న పులుపున్నది. రెండు మూడు దినముల విరుగుళ్ళను కలిపి అదుముట దాని పాతపద్ధతి. ద్రాక్ష తీపి నోటిని మూసివేయుచుండగా చీజు పులుపు, ఉప్పు దానిని తెరచును. మరల తీపికి నోరు సిద్ధమగును. లండనులో 1994లో స్థాపింపబడిన సెయింట్ జాన్ అను భోజనశాల ఈ జతను నగరవాసులకు మరల ప్రియము చేసినది. ప్రక్కన త్రాగు తేనీరు చిక్కగా, చక్కెర లేకుండ ఉండవలెను. చక్కెర వేసినచో కేకులోని తీపి చప్పబడును.

శాకాహారులు ఒక జాగ్రత్త పాటింపవలెను. పాతపద్ధతిలో పైపిండికి వెన్నకు మారుగా పందికొవ్వు వాడినవారు కలరు. నేటి అంగళ్ళలో వెన్నతోనో, మొక్కల నూనెతోనో చేసినవే విరివిగా దొరకును. అయినను ఇంగ్లండులో కొనునపుడు పొట్లముపై వ్రాసినదానిని చదివి, లేదా అంగడివానిని అడిగి తీసికొనుట మేలు. అట్లు అడుగుట వారికి తప్పుగా తోచదు.

చివరిమాట. ఈ కేకు ఆకలి తీర్చుకొనుటకు గబగబ మ్రింగు వస్తువు కాదు. ఒక పళ్ళెములో పెట్టి నాలుగు భాగములు చేసి, ఒక్కొక్క భాగమునకు ఒక చీజు ముక్క చేర్చి, నలుగురు పంచుకొని తినవలెను. పొరలు రాలును, రాలనిండు. రాలని ఎకిల్స్ కేకు సరిగా కాలలేదని అర్థము. ద్రాక్ష పులుపు నాలుకకు తగిలినపుడు వానకు భయపడుచు గుత్తులు ఎండబెట్టిన గ్రీకు రైతును, చక్కెర కరగినపుడు తమ పేరు ఎక్కడను వ్రాయబడని చెరకుతోటల కూలీలను ఒక్క క్షణము తలచుకొనుట మంచిది. ఆ తలపు రుచిని చెరుపదు. ఊరి పేరు పెట్టుకొనిన ఆ చిన్న వంటలో ఎందరి చేతులున్నవో తెలిసినవాడు చివరి పలుకునుకూడ వ్రేలితో అద్దుకొని తినును, పళ్ళెములో విడువడు.